ముందు కాటా, ఆ తర్వాతే బ్యాగు

పై దేశాలకు వెళ్లి ఇంగ్లీషో, హిందీయో, తెలుగో చెప్పబోయే వాళ్ల ఉత్తరాలు ఈసారి వరసపెట్టి వచ్చాయి. వీసా గురించి ఒక్కరూ అడగలేదు. అందరి గొడవా బ్యాగే.

ప్రశ్న: ఏప్రిల్ నుంచి జపాన్‌లో ఇంగ్లీషు అసిస్టెంట్ టీచర్‌గా చేరుతున్నాను. వారంలో మూడు బడులు తిరగాలట. కొంత రైలు, కొంత నడక. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 52 కిలోలు. శాకాహారిని. లెదర్ బ్యాగయితే హుందాగా ఉంటుందని నాన్నగారు, ట్రెక్కింగ్ బ్యాగు తీసుకోమని అన్నయ్య. 3,000 రూపాయల్లో అయిపోవాలి. ఇక్కడే కొనుక్కోవాలా, అక్కడికి వెళ్లాకా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నాన్నగారి మాటా వద్దు, అన్నయ్య మాటా వద్దు. నలుపు లేదా ముదురు నీలం రంగులో, కింద పెడితే ఒరిగిపోకుండా నిలబడే పెట్టె ఆకారపు వీపు బ్యాగు, 20 నుంచి 22 లీటర్లది, ఇక్కడే కొనుక్కోండి. ఎందుకో చెబుతాం. దానికి ముందు మీ వంటింటి కాటా తీసి, రోజూ మోయబోయే సామానంతా ఒక్కొక్కటిగా తూచండి.

లెక్క దాదాపు ఇలా తేలుతుంది. 14 అంగుళాల ల్యాప్‌టాప్ 1.4 కిలోలు, చార్జరు 300 గ్రాములు. ముప్పావు లీటరు స్టీలు సీసా నీళ్లతో కలిపి ఒక కిలో పైచిలుకు. క్యారేజీ 700, పాఠ్యపుస్తకం, నోట్సు కలిపి 600. లామినేట్ చేసిన బొమ్మల కార్డులు 500, గొడుగు 300, బడి లోపల వేసుకునే చెప్పులు 500. మొత్తం ఐదుంపావు కిలోలు దాటింది. బ్యాగు బరువు ఇంకా కలపలేదు. వీపు మీది బరువు మనిషి బరువులో పదో వంతు దగ్గర ఉంటే రోజూ మోసినా ఒళ్లు ఓర్చుకుంటుంది. మీకది 5 కిలోల చిల్లర. కాబట్టి ఖాళీ బ్యాగు 900 గ్రాములకు మించకూడదు, సామానులోంచి కూడా ఒక కిలో తీసేయాలి.

తీసేయడానికి సులువైనవి చెప్పులు. జపాన్ బడుల్లో గుమ్మం దగ్గరే బయటి బూట్లు విప్పి, లోపలికి వేరే జత వేసుకోవాలి. పిల్లలకే కాదు, టీచర్లకూ అంతే. మూడు బడులకూ మూడు జతలు తేలికపాటివి కొని ఎక్కడివి అక్కడే బూట్ల అరలో ఉంచుకుంటే అర కిలో తగ్గుతుంది. తర్వాతది సీసా. సగం నింపుకుని బయల్దేరి, బడిలో మళ్లీ పట్టుకుంటే సరిపోతుంది. క్యారేజీని మాత్రం తగ్గించలేం. అక్కడి ప్రాథమిక, మాధ్యమిక బడుల్లో చాలావాటిలో మధ్యాహ్నం భోజనం బడే పెడుతుంది కానీ, కూరా చారూ లాంటివి చాలావరకు చేపల రసంతో కాచినవే. శాకాహారులకు సొంత డబ్బా తప్పదు. డబ్బా మూత లోపలి సిలికాన్ రింగును ఇంట్లోనే పరీక్షించండి. నీళ్లు నిండా పోసి, మూత బిగించి, పాత పేపరు మీద అరగంట బోర్లించండి. పేపరు మీద తడి కనిపిస్తే ఆ డబ్బా పెరుగన్నానికి సరే, సాంబారుకు పనికిరాదు.

ఇక కొలతలు. లీటర్లు చూసి మోసపోకండి. 45 సెంటీమీటర్ల ఎత్తు, 30 వెడల్పు, 15 మందం ఉన్న బ్యాగు 20 లీటర్లు. మెడ సన్నబడి పొట్ట ఉబ్బిన బ్యాగు కూడా 20 లీటర్లే, కానీ దాంట్లో ఏ4 ఫైలు మూల మడత పడకుండా దిగదు. ఏ4 కాగితం 21 బై 29.7 సెంటీమీటర్లు, ప్లాస్టిక్ ఫైలు దానికంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ. జపాన్ బడుల్లో బీ5, బీ4 కాగితాల వాడకం ఇంకా ఉంది. బీ5 అంటే 18.2 బై 25.7, బీ4 దానికి రెట్టింపు. బీ4ను సగానికి మడిచి బీ5 ఫైల్లో పెట్టడం అక్కడ మామూలే, కాబట్టి దానికోసం పెద్ద బ్యాగు వెతకక్కర్లేదు. బొమ్మల కార్డుల దగ్గరే జాగ్రత్త పడాలి. లావు పౌచ్‌లో లామినేట్ చేసిన ఏ4 కార్డు ఒక్కోటి 20 నుంచి 25 గ్రాములు తూగుతుంది. 40 కార్డులంటే కిలో. అదే ఏ5లో చేయించుకుంటే సగం. బొమ్మ పెద్దది కాకపోయినా వెనక బెంచీకి కనబడాలంటే అందులో ఒక్క వస్తువే ఉండాలి, అంతే. అక్కడి నల్లబల్లలు చాలావరకు ఇనప రేకువి, అయస్కాంతం పట్టుకుంటుంది. కార్డు వెనక చిన్న అయస్కాంతపు పట్టీ అతికిస్తే చేత్తో పట్టుకుని నిలబడే పని తప్పుతుంది.

ఇప్పుడు కొట్టుకు వెళ్లండి. మీ ఊళ్లోనే చూసినా, బెజవాడ బీసెంట్ రోడ్డు దాకా వచ్చినా పద్ధతి ఒకటే. ఖాళీ చేతులతో వెళ్లొద్దు. ల్యాప్‌టాప్, ఒక ఏ4 ఫైలు, నీళ్ల సీసా, క్యారేజీ వెంట తీసుకెళ్లి, అవి నింపాకే భుజాన వేసుకుని చూడండి. ఖాళీ బ్యాగు ఎవరికైనా బాగానే ఉంటుంది.

ల్యాప్‌టాప్ అర లోపలికి చెయ్యి పెట్టి, వేళ్లు అడుగుకు తాకించి, బ్యాగును కౌంటరు మీద నొక్కండి. వేళ్లకు కౌంటరు చెక్క గట్టిగా తగిలితే ఆ అర అడుగుదాకా దిగిపోయిందన్నమాట. బ్యాగు కింద పెట్టిన ప్రతిసారీ దెబ్బ ల్యాప్‌టాప్ మూలకే. మంచి బ్యాగులో ఆ అర అడుగుకు రెండు మూడు సెంటీమీటర్ల పైనే ఆగిపోతుంది. వీపు వైపు మెత్త ఎంత లావుగా ఉందో చూపించి అమ్ముతారు గానీ, ల్యాప్‌టాప్ ప్రాణం కాపాడేది ఆ జానెడు కూడా లేని ఖాళీయే.

తర్వాత భుజం పట్టీలు. వెడల్పు 6 సెంటీమీటర్లకు తగ్గొద్దు. పట్టీ పైకొస బ్యాగుకు కలిసేచోట ఒక్క వరస కుట్టుంటే పక్కన పెట్టేయండి. చతురస్రం కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు వేసిన కుట్టయినా, మూడు నాలుగు వరసల దట్టమైన కుట్టయినా ఉండాలి. కింది కొస తిన్నగా అడుగు కుట్టులోకి దూరిపోకుండా, త్రికోణపు గుడ్డ ముక్కకు తగిలి ఉంటే బరువు పంచుకుంటుంది. లోపలి అస్తరును బయటికి తిప్పి చూడండి. గుడ్డ అంచులకు పైపింగ్ పట్టీ వేసి ఉంటే సరే. వేయకపోతే ఆ అంచు పోగులు ఊడి ఆరు నెలల్లో జిప్పులో పడతాయి. జిప్పు రన్నర్ వెనక అంకె చూడండి. పెద్ద అరకు 8 లేదా 10, చిన్న అరలకు 5 ఉంటే చాలు. పెద్ద అరకు కూడా 5 వేసిన బ్యాగు ధర తక్కువైనా తీసుకోకండి.

గుడ్డ సంగతి. లేబుల్ మీద 600డి అని ఉంటే 600 డెనియర్ అని అర్థం. 9,000 మీటర్ల దారం అన్ని గ్రాములు తూగుతుందని లెక్క. 600 డెనియర్ పాలిస్టరు మీ పనికి చాలు. 1000 డెనియర్ నైలాన్ గట్టిదే, కానీ బరువు. వాటర్‌ప్రూఫ్ అని రాసుంటే గుడ్డకు లోపల పూత ఉందని మాత్రమే. వాన కుట్టు రంధ్రాల్లోంచి, జిప్పులోంచి దిగుతుంది. జూన్, జూలైల్లో అక్కడ వానాకాలం. బ్యాగు అడుగు అరలో మడిచి పెట్టుకునే రెయిన్ కవర్, ల్యాప్‌టాప్‌కు విడిగా ఒక స్లీవు, ఈ రెండూ ఉంటే ఖరీదైన వాటర్‌ప్రూఫ్ బ్యాగు అక్కర్లేదు.

లెదర్ ఎందుకు వద్దంటే, ల్యాప్‌టాప్ పట్టే నిజమైన తోలు బ్యాగు ఖాళీగానే కిలోన్నర దాకా తూగుతుంది, వానాకాలపు చెమ్మకు బూజు పడుతుంది. పైగా 3,000లో దొరికేది చాలాసార్లు తోలు కాదు, రెక్సిన్. దాని మీది పాలియురెథేన్ పూత గాలిలోని తేమతో కలిసి విరిగిపోతుంది. మొదట జిగురు, ఆపైన పొలుసులు. అటక మీద వాడకుండా దాచినా ఊడిపోతుంది, ఏ పాలిష్‌తోనూ అతకదు. అన్నయ్య చెప్పిన ట్రెక్కింగ్ బ్యాగు వీపుకు హాయే, కానీ పైనుంచి మాత్రమే తెరుచుకునేది అయితే ఫైలు కోసం క్యారేజీ బయటికి తీయాలి. ఇరుకు రైల్లో దాని పట్టీలు, కొక్కేలు పక్కవాళ్లకు గుచ్చుకుంటాయి. అక్కడ రద్దీ వేళ బ్యాగును వీపు నుంచి తీసి ముందుకు వేసుకోవడం మర్యాద. అందుకే బ్యాగు మందం 15 సెంటీమీటర్లు దాటకూడదు. మీ ఎత్తుకు బ్యాగు అడుగు నడుం పట్టీ దగ్గర ఆగాలి, అంతకంటే కిందికి జారితే నడుస్తున్నప్పుడు తొడల వెనక కొడుతుంది.

ఇక్కడే ఎందుకు కొనాలంటే, ఏప్రిల్ అక్కడ బడులు తెరిచే నెల. మొదటి రోజే అన్నీ కావాలి. మీ సామానుతో నింపి చూసి కొనే తీరిక వెళ్లాక దొరకదు. వెళ్లే ముందు ఇక్కడ రెండు వారాలు అదే బ్యాగు రోజూ మోయండి. లోపముంటే ఈలోపే బయటపడుతుంది, మార్చుకోవచ్చు. చిన్న మాట: అక్కడి ప్లగ్గులకు రెండు బల్లపరుపు పిన్నులు, కరెంటు 100 వోల్టులు. చార్జరు మీద 100–240 అని ఉంటే అది పనిచేస్తుంది, మార్చాల్సింది గోడకు తగిలే వైరు ఒక్కటే.

ప్రశ్న: దుబాయ్‌లోని ఒక భారతీయ పాఠశాలలో హిందీ టీచర్‌గా జూలై తర్వాత చేరుతున్నాను. ఇప్పటికే సైడు బ్యాగుతో కుడి భుజం నొప్పి. నోటు పుస్తకాలు ఇంటికి తెచ్చి దిద్దాలి. ట్రాలీ బ్యాగు నయమా?
– పటమట, విజయవాడ

జవాబు: ఏ4 సైజు 200 పేజీల నోటు పుస్తకం దాదాపు 400 గ్రాములు. 30 మంది తరగతికి 12 కిలోలు. ఇది ఏ భుజమూ మోయాల్సిన బరువు కాదు, కాబట్టి బ్యాగు మార్చి ప్రయోజనం లేదు. రోజుకు 8 పుస్తకాల చొప్పున నాలుగు రోజుల్లో దిద్దేలా వంతులు పెట్టుకోండి, లేదా దిద్దాల్సిన పని విడి కాగితాల మీద చేయించండి. 30 కాగితాలు 150 గ్రాములే.

ట్రాలీ సంగతి మీ బడిలో మెట్లెన్ని, లిఫ్టు ఉందా అన్నదాన్ని బట్టి. ట్రాలీ బ్యాగు ఖాళీగానే రెండు కిలోల పైన ఉంటుంది. రెండో అంతస్తుకు చేత్తో ఎత్తుకుపోవాల్సి వస్తే సైడు బ్యాగే నయమనిపిస్తుంది. నేల అంతా చదునుగా ఉంటే మాత్రం చిన్న చక్రాలవి కాకుండా వేళ్ల పొడవంత అడ్డుకొలత ఉన్న రబ్బరు చక్రాలవి తీసుకోండి. ఇంకోటి, ఎండాకాలంలో మూసిన కారులో బ్యాగు వదిలేయొద్దు. అందులో ల్యాప్‌టాప్ ఉంటే దాని బ్యాటరీ ఉబ్బుతుంది. మే నెలలో రెంటచింతల ఎండ ఎరిగిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: వాడుతున్న బ్యాగు బాగానే ఉంది. జిప్పు వేస్తుంటే వెనకే విచ్చుకుపోతోంది. వచ్చే నెల వియత్నాం ప్రయాణం, ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి. కొత్తది కొనాలా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కొనకండి. చెడింది జిప్పు కాదు, రన్నర్. లోహపు రన్నర్ ఏళ్ల తరబడి పళ్ల మీద రాసుకుని లోపలి సందు వెడల్పవుతుంది. అప్పుడది రెండు వైపుల పళ్లను దగ్గరికి నొక్కలేదు. అందుకే రన్నర్ ముందుకు పోతుంది, వెనక జిప్పు నోరు తెరుస్తుంది.

రన్నర్‌ను జిప్పు మొదలుకు లాగి తెచ్చుకోండి. దానికి ఒక వైపు రెండు నోళ్లు, అంటే విడి పళ్లు లోపలికి వెళ్లేవి. రెండో వైపు ఒకే నోరు, కలిసిన పళ్లు బయటికి వచ్చేది. ఆ ఒకే నోరున్న వైపు, ఎడమ అంచును ఒకసారి, కుడి అంచును ఒకసారి, చిన్న పటకారుతో పైరేకూ కిందిరేకూ దగ్గరపడేలా నొక్కాలి. రెండు వైపులా సమానంగా, కొంచెం కొంచెంగా. మధ్యలోని దిమ్మ దగ్గర నొక్కొద్దు. ఒక్క నొక్కు, జిప్పు వేసి చూడటం, చాలకపోతే ఇంకో నొక్కు. బలంగా నొక్కితే ఆ జింకు లోహం వంగదు, పుటుక్కున విరుగుతుంది. మరీ బిగిస్తే రన్నరే కదలదు.

ఇలా సరిచేసింది కొన్ని నెలలు ఆడుతుంది. ప్రయాణం ముందుంది కాబట్టి రన్నర్ మార్పించేయడమే మేలు. వన్‌టౌన్‌లో, బీసెంట్ రోడ్డు సందుల్లో బ్యాగులు కుట్టేవాళ్లను అడగండి. అదే అంకె ఉన్న రన్నర్ వేయమనండి. నైలాన్ పళ్లకు నైలాన్ జిప్పు రన్నరే, ప్లాస్టిక్ పళ్లకు ప్లాస్టిక్ జిప్పుదే. 5 అంకె జిప్పుకు 8 రన్నర్ వేస్తే రెండో రోజే మళ్లీ నోరు తెరుస్తుంది. పళ్లు గుడ్డ నుంచి ఊడి వేలాడుతుంటే మాత్రం జిప్పంతా మార్చాలి. జారడానికి కొబ్బరి నూనె రాస్తుంటారు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. కొవ్వొత్తి రుద్దండి.

ప్రశ్న: గన్నవరం నుంచి హైదరాబాద్ మీదుగా విమానం. పని బ్యాగులోనే అన్నీ పెట్టుకుని ఎక్కొచ్చా? సర్టిఫికెట్లు, పవర్ బ్యాంకు, అమ్మ ఇచ్చిన ఆవకాయ...
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: సర్టిఫికెట్లు తప్పకుండా చేతి బ్యాగులోనే. చెక్-ఇన్ పెట్టె ఒక రోజు ఆలస్యమైతే మీరు ఉద్యోగంలో చేరే కాగితాలు లేకుండా నిలబడాలి. కొన్ని డిగ్రీ పట్టాలు ఏ4 కంటే పెద్దవి. ముందుగా టేపు పెట్టి కొలిచి, మడవకుండా పట్టే గట్టి ఫోల్డరు కొని, ఆ ఫోల్డరు పట్టేట్టు బ్యాగు చూసుకోవాలి. పట్టాను చుట్టి గొట్టంలో పెడితే, అది అసలైనదేనని ధ్రువీకరిస్తూ అంటించే అటెస్టేషన్ స్టిక్కరు అంచు లేస్తుంది.

పవర్ బ్యాంకు కూడా చేతి బ్యాగులోనే, చెక్-ఇన్‌లో ఒప్పుకోరు. 100 వాట్ అవర్ల దాకా అడ్డు లేదు. పవర్ బ్యాంకు మీది మిల్లీ ఆంపియర్ అవర్ల (ఎంఏహెచ్) అంకెను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. 20,000ది 74. అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంకును సెక్యూరిటీ వాళ్లు పక్కన పెట్టేయవచ్చు, అది ఇంట్లోనే వదిలేయండి. కత్తెర, కట్టరు మాత్రం పెట్టెలోకి.

ఆవకాయ చేతి బ్యాగులో వద్దు. నూనె తేలే పచ్చడిని ద్రవంగానే చూస్తారు. అంతర్జాతీయ ప్రయాణంలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాన్ని చేతి సామానులో పోనివ్వరు. పెట్టెలో పెట్టేటప్పుడు పైనూనె వంచేసి, సీసా మూత కింద పాలిథిన్ కాగితం వేసి, రెండు జిప్ కవర్లలో నిలువుగా బట్టల మధ్య ఉంచండి. దుబాయ్ వైపు వెళ్లేవాళ్లు మసాలా పొడుల్లో గసగసాలు లేకుండా చూసుకోండి, అక్కడ అవి నిషేధం. చేతి బ్యాగు బరువు చాలా ఎయిర్‌లైన్లలో 7 కిలోలు. దానికి తోడు ల్యాప్‌టాప్ బ్యాగు విడిగా ఒప్పుకునేదీ లేనిదీ మీ టికెట్ మీదే ఉంటుంది, రెండు విమానాలకూ చూడండి. తక్కువ చెప్పిన విమానం లెక్కే పాటించాలి.

ప్రశ్న: అమెరికాలో అమ్మాయి దగ్గర ఆరు నెలలుంటాను. అక్కడి పిల్లలకు ఆదివారాలు ఊరికే తెలుగు చెప్పమన్నారు. అక్షరాల చార్టులు ఎలా తీసుకెళ్లాలి? ఏ బ్యాగు?
– రిటైర్డ్ తెలుగు టీచరు, కొత్తపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీకు బ్యాగు బెంగ లేదు. ఇంటి గుమ్మం నుంచి తరగతి గుమ్మం దాకా కారే. చేనేత గుడ్డ సంచి చాలు, అడుగున గట్టి అట్ట ముక్క వేసుకుంటే పుస్తకాలు వంగవు.

చార్టులను బొమ్మ బయటి వైపుకు వచ్చేలా చుట్టండి. లోపలికి చుట్టితే గోడకు తగిలించాక కింది అంచు మీ వైపు లేచి అక్షరాలు మూసుకుపోతాయి. మూడంగుళాల పీవీసీ గొట్టం, చార్టు వెడల్పు కంటే రెండంగుళాలు ఎక్కువ పొడవు కోయించి, రెండు వైపులా మూత పెట్టి, చెక్-ఇన్ పెట్టెలో మూల నుంచి మూలకు పెట్టండి. లామినేషన్ ఇక్కడ చేయించొద్దు. చుట్టినప్పుడు ప్లాస్టిక్ మీద గీతలు పడి మళ్లీ పోవు, అక్కడికి వెళ్లాకే చేయించుకోండి. అక్షరాల కార్డులు ఏ5 సైజులో, ఎడమ పైమూల ఒక రంధ్రం వేసి రింగుకు గుచ్చండి. వత్తులకు మాత్రం వేరే రంగు కార్డులు పెట్టుకోండి. క కింద క పెట్టి ‘అక్క’ చూపించేటప్పుడు ఆ రంగు తేడాయే పిల్లలకు దారి చూపుతుంది.